ముక్కు కింది కాలు

నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగేవాళ్ళు సాధారణంగా వెనక్కి తిరిగి చూడరు. ఆటో దొరకాలి, బస్సు అందాలి. నేనూ అలా పోవలసినవాడినే. కిందటి నెల పంటు ఒడ్డుకు తగలగానే సరంగు తాడు విసిరాడు. ఆ తాడు పడిన చోటికి నా చూపు పోయింది. ఇదివరకు అక్కడ తాటిమొద్దు ఉండేది. ఇప్పుడు ఛాతీ ఎత్తున ఒక లోహపు స్తంభం ఉంది. పైన అటూ ఇటూ రెండు చెవులు. తాడు పైకి జారిపోకుండా ఆ చెవులే ఆపుతున్నాయి.

పాత ఇనుము చూసి బరువు చెప్పడం నా బతుకుతెరువు. ఎవరూ నేర్పలేదు. రైసుమిల్లు బాయిలరైనా, మూలపడ్డ లాంచీ అయినా, చుట్టూ ఒకసారి తిరిగి, టేపు పెట్టి, రేకు మందం చూసి, కాటా ఎక్కకముందే ఇంత తూగుతుందని చెబుతాను. ఒకసారి అంచనా కట్టిన వస్తువు మళ్ళీ ఎదురైతే, మనిషి మొహాన్ని పోల్చుకున్నట్టు పోల్చుకుంటాను. అది విమానం కాలు. ముక్కు కింద చక్రాన్ని మోసే కాలు. కొన్నేళ్ళ క్రితం రాజమండ్రి శివారులోని ఒక పాత ఇనుము యార్డులో నా కళ్ళెదుట గోనెపట్టాలో కుట్టి, లారీ ఎక్కించి, మద్రాసు పంపినది.

అది ఈ రేవులో ఏం చేస్తోంది? దానితోపాటు అదే లారీ ఎక్కి వెళ్ళిన మనిషి ఏమయ్యాడు?

ఆ మనిషిని నేను మొదటి రోజు నుంచీ నమ్మలేదు.

ఆ విమానం మూతపడిన ఒక కంపెనీది. రెక్కకొక ఫ్యాను చొప్పున రెండు ఫ్యాన్లతో తిరిగే పాతకాలపు టర్బోప్రాప్. మధురపూడి విమానాల మైదానంలో ఒక వార ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, చివరికి వేలానికి వచ్చింది. మా షావుకారు గారు పాడుకున్నారు. రెక్కలు ఊడదీసి, పొడవాటి ట్రాలీ మీద యార్డుకు తెప్పించారు. క్రేనుతో దింపేటప్పుడు వెనక రెండు కాళ్ళూ మెత్తటి నల్లమట్టిలో దిగబడి వంకరపోయాయి. ముక్కు కింది కాలు ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది.

దాని కోసమే మద్రాసు నుంచి బ్రోకరు వచ్చాడు. ఇదే రకం విమానం ఇంకొకటి ఎక్కడో సరుకులతోనూ మనుషులతోనూ ఎగురుతోందట. దానికి ముందుకాలు కావాలట. కొత్తది తయారుచేసేవాళ్ళు లోకంలో లేరట.

"మిగతాదంతా గిన్నెలకీ గరిటెలకీ పోతుందయ్యా," అన్నారు షావుకారు గారు నాతో. "ఆ కాలొక్కటే బంగారం. గీత పడకుండా ఊడిరావాలి. మన గ్యాసుకట్టర్ల వాళ్ళ చేతిలో పెడితే ముక్కలే మిగుల్తాయి. అందుకని కోనసీమ నుంచి ఒకాయన్ని పిలిపించాను. విమానాల షెడ్లలో చాలాకాలం చేశాడంట. నువ్వు బరువులు చూసుకుంటూ ఆయన మీద ఓ కన్నేసి ఉంచు."

అలా వచ్చాడాయన. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, భుజం మీద తెల్ల తువ్వాలు. తను పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఊరికి వచ్చేసి, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడని చెప్పారు. యార్డు కూలీలు మొదటి పూటే ఆయనకు "పైలట్ గారు" అని పేరు పెట్టేశారు. ఆయన కాదనలేదు. విమానం నడపని మనిషి ఆ పిలుపుకు పలకడం నాకు నచ్చలేదు.

నేను టేపు పట్టుకుని ముక్కు వైపు వెళుతుంటే వెనక నుంచి కేకేశాడు.

"అటు నుంచి కాదండి! చుట్టూ తిరిగి రండి!"

తుళ్ళిపడ్డాను. చూస్తే నా ముందు ఫ్యాను ఉంది. ఊడదీసి నేల మీద పడేసిన ఫ్యాను. దాని రెక్కల మధ్య సీమతుమ్మ మొలిచింది.

"ఇది నేల మీదుంది కదండీ," అన్నాను.

"ఉంటే ఉందండి. ఫ్యాను ముందు నుంచి నడవకూడదు."

అన్నట్టే ఆయన ఎప్పుడూ నడవలేదు. మంచినీళ్ళ కుండ దానికి అవతలే ఉండేది. మేమంతా ఫ్యాను రెక్కల మీదుగా దాటి వెళ్ళి నీళ్ళు తాగేవాళ్ళం. ఆయన మాత్రం విమానం తోక దాకా పోయి తిరిగి వచ్చేవాడు. గ్యాసుకట్టరు సత్తిబాబు ఊరుకునేవాడు కాదు.

"పైలట్ గారూ, తోక కాడ టీ బంకేమన్నా పెట్టారేంటండి? పూటకి నాలుగుసార్లు పోతన్నారు!"

"ఆయ్, పెట్టారండి. అప్పు మాత్రం ఇవ్వటంలేదండి," అనేవాడాయన నవ్వకుండా.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా తొలిచింది ఆయన తువ్వాలు. పని మొదలుపెట్టే ముందు దాన్ని నేల మీద పరిచి, పనిముట్లన్నీ వరసగా పేర్చి, వేలితో తాకుతూ లెక్కపెట్టేవాడు. పని అయ్యాక మళ్ళీ పేర్చి, మళ్ళీ లెక్క. ఒకనాడు చిన్న రెంచి కనపడలేదు. మధ్యాహ్నమంతా పని ఆపేసి విమానం పొట్టలో పాకుతూ వెతికాడు. చివరికి అది సత్తిబాబు సైకిలు బుట్టలో దొరికింది.

"తుక్కులో రెంచి ఉండిపోతే కొంపేం మునిగిపోద్దండి?" అన్నాడు సత్తిబాబు.

"అలవాటండి. లోపల ఒకటి మర్చిపోయి పైకి పంపామంటే..." అని ఆగిపోయాడు.

టీ బంకులోనూ అదే తంతు. లేచే ముందు కళ్ళజోడు, తాళంచెవి, పెన్ను బల్ల మీద పెట్టి, తాకి, తీసి జేబులో వేసుకునేవాడు. లెక్కలంటే నాకు ప్రాణమే. కానీ నేను లెక్కపెట్టేది ఏదో ఒకటి తేలాలని. ఏమీ తేలని లెక్క రోజూ పెట్టే మనిషి మన కళ్ళను తన చేతుల మీద నిలబెట్టి ఇంకేదో చేస్తున్నాడని నా అనుమానం.

దానికి తోడు కూలీల్లో ఒక పుకారు. విమానం కాలి లోపల ప్లాటినం పోస్తారనీ, అది తెలిసినవాడే ఊడదీయగలడనీ. నేను నమ్మలేదు. పూర్తిగా కొట్టిపారేయనూలేదు.

ఆయనకు ఏం కావాలో మాత్రం యార్డులో అందరికీ తెలుసు. పైన విమానం చప్పుడైతే చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. అది కనుమరుగయ్యే దాకా తల దించేవాడు కాదు. "ఎడం వైపుది కాస్త దగ్గుతోంది," అనేవాడు. "దగ్గు టానిక్కు పంపమంటారా అండి?" అనేవాడు సత్తిబాబు. బ్రోకరు ఆ బలహీనత చూసే ఆయన్ని పట్టాడు. "కాలు తీసుకుని నాతో వచ్చేయండి సార్. ఇది బాగా పనిచేసేదని అక్కడివాళ్ళకి మీరు ఒక్క మాట చెప్పండి, మీరే బిగించండి. షెడ్డులో పర్మినెంట్ పని," అని నా ఎదుటే అన్నాడు. ఆ మాటకు ఈయన మొహంలో వచ్చిన వెలుగు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. కొన్నేళ్ళుగా రొయ్యల చెరువు గట్ల మీద బురద తొక్కుతున్న మనిషి. కాలు సరిగా వెళితే మళ్ళీ విమానాల మధ్యకు పోతాడు. లేకపోతే మళ్ళీ ఆ చెరువుగట్టే.

ఆ రోజే ఇంకో మాట నడిచింది. బ్రోకరు కాలిని తట్టి, "ఎగిరిన గంటలు చాలా తక్కువ సార్. చిన్నపిల్ల ఇది," అన్నాడు.

"గంటలు సరేనండి. నేలకి ఎన్నిసార్లు దిగిందో అడిగారా?" అన్నాడు ఈయన.

బ్రోకరు నవ్వేసి మాట మార్చాడు. నేను మాత్రం ఇంటికి పోతూ ఆలోచించాను. ఈ విమానం దూరాభారాలు తిరిగింది కాదు. ప్యాసింజరు బండిలా ఊరూరా ఆగింది. నదిలో పంటు ఎంతసేపు తేలినా చెక్క అరగదు. ఒడ్డుకు తగిలినప్పుడల్లా అరుగుతుంది. ఆ లెక్కన గంటలు తక్కువన్న మాటకు అర్థమే లేదు. లెక్క సరిగ్గానే తేలింది. కానీ సరుకుకు వంక పెట్టడం ధర తగ్గించే బేరగాడి పని. మరి ఈయన ఎవరి తరఫున బేరమాడుతున్నాడు? నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

తర్వాతి రోజు ఆయన కాలిని గీత పడకుండా ఊడదీశాడు. దాన్ని తూచాక ముక్కు దగ్గర నేలపలకలు ఎత్తించాడు. కింద తెల్లగా సున్నంలాంటి పొడి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు! సత్తిబాబు వాంతి చేసుకున్నట్టు నటించాడు. ఆయన "ఉప్పండి" అంటూ ఉమ్మేసి నా వైపు తిరిగాడు.

"ఇది చివర్లో ఏం మోసిందో మీకేమన్నా తెలుసాండి?"

తెలియకేం. రొయ్యల వ్యాపారం జోరు మీద ఉన్న ఏళ్ళలో చెరువుల రైతుల తరఫున సంచులు లెక్కపెట్టడానికి మధురపూడి వెళ్ళినవాడిని. సీట్లన్నీ పీకేసి రొయ్యపిల్లల్ని తెచ్చేవారు. ప్లాస్టిక్ సంచుల్లో సముద్రపు నీళ్ళు, ఆక్సిజను, పిల్లలు. మొదట్లో సంచికో అట్టపెట్టె ఉండేది. పెట్టెలు జాగా తినేస్తున్నాయని రైతులే పట్టుబట్టి తీయించేశారు. సంచి మీద సంచి పేర్చారు. అడుగువి చితికేవి. అయినా పెట్టెలు లేకుండా వచ్చే అదనపు సంచుల ముందు ఆ నష్టం ఎంతని? అందరూ సంబరపడ్డారు. ఇదంతా ఆయనకు ఉత్సాహంగానే చెప్పాను.

"చితికిన సంచుల్లో నీళ్ళు ఎటు పోయేవండి?"

"పల్లానికేనండి. దిగేటప్పుడు ముక్కు వంగేది కదా, అంతా ముందుకే వచ్చేసేది. తలుపు తీసేసరికి పైలట్ల గది గుమ్మంలో మడుగేనండి!"

ఆయన వెళ్ళి కాలు పక్కన కూర్చుని, పైన అది బిగిసే చెవులను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. మళ్ళీ తట్టాడు. కుండలు కొనేవాళ్ళు తట్టినట్టు. తర్వాత తువ్వాలు పరిచాడు. లెక్కపెట్టకుండానే మడిచేశాడు. ఆయన లెక్క తప్పడం అదే మొదటిసారి చూశాను.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం మేము అన్నాలకు పోయినప్పుడు ఆయన రావడం మానేశాడు. "ఉపవాసమండి," అన్నాడు. ఏ దేవుడికి అని సత్తిబాబు అడిగితే, "ఆంజనేయస్వామికండి, ఎగిరే దేవుడు కదా," అన్నాడు. నేను ఒకనాడు అన్నం సగంలో వదిలి వెనక్కి వచ్చాను. గర్ర్ గర్ర్ మని ఏదో తిరుగుతున్న చప్పుడు. నన్ను చూడగానే ఆగిపోయింది. ఆయన తువ్వాలు దులుపుతున్నాడు. దాని నుంచి ఎండలో మెరుస్తూ రజను రాలింది.

"ఏంటండీ ఈ రజను?"

"తుప్పండి. గీకుతున్నాను."

తుప్పు ఎర్రగా ఉంటుంది. మెరవదు. నలభై దాటేదాకా ఇనుము మధ్య బతికిన వాడికి ఆ అబద్ధం చెప్పడం నాకు అవమానంగా తోచింది. నేరుగా షావుకారు గారి దగ్గరికి వెళ్ళి, లోపలి నుంచి ఏదో తొలుస్తున్నాడని చెప్పాను.

ఆయన ఆ సాయంత్రమే కాలిని కాటా ఎక్కించారు. ఊడదీసిన రోజు తూచిన బరువుకూ ఇప్పటికీ ముల్లు కదలినంత తేడా కూడా లేదు. చెవులనిండా గ్రీజు పట్టించి, పైన గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పుదామన్నాను. "దుమ్ము పడకూడదండి," అన్నాడాయన మెల్లగా.

"బరువు సరిపోయింది కదయ్యా లెక్కలాయనా, ఇంకేంటి నీ గోల?" అన్నారు షావుకారు గారు. బరువు నా విద్య. అదే నా నోరు మూయించింది.

గోనెపట్టా ఆయనే కుట్టాడు. బ్రోకరు లారీ వచ్చింది. షావుకారు గారికి ముట్టవలసింది ముట్టింది. బయలుదేరే ముందు ఆయన తువ్వాలు పరిచి, పనిముట్లు పేర్చి, తాకి, సంచిలో వేసుకున్నాడు. చేత్తో తిప్పే డ్రిల్లు ఒక్కటి మాత్రం పక్కన పెట్టి సత్తిబాబుకు ఇచ్చాడు.

"ఉంచుకో అబ్బాయ్. నాకిక దీని అవసరం పడదులే."

"షెడ్డులో కరెంటు డ్రిల్లు ఇస్తారేంటండి పైలట్ గారూ? మమ్మల్ని మర్చిపోకండేం!"

ఆయన నవ్వాడు. నా వైపు చూసి చేతులు జోడించాడు. నేను జోడించలేదు. పనిముట్టు పోతే ప్రాణం పోయినట్టు వెతికే మనిషి, కొత్త పనిలోకి పోతూ పనిముట్టు ఇచ్చేశాడు. ఏదో దొంగిలించాడు, దానికి వాడిన పనిముట్టును వదిలించుకుంటున్నాడు అని తేల్చుకున్నాను. సత్తిబాబు ఆ డ్రిల్లు విప్పి చూపించాడు. దాని మొన చెక్కలో కూడా దిగనంతగా మొద్దుబారిపోయింది. లారీ పొలిమేర దాటిపోయింది. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఇక ఈ రేవు. ఆటోలన్నీ వెళ్ళిపోయాయి. నేను స్తంభం దగ్గరికి వెళ్ళి చెవుల మీద చెయ్యి వేశాను. తాడు ఒరుసుకుని నున్నబడ్డాయి. పై నుంచి చూస్తే ఏమీ లేదు. వేళ్ళు కిందికి పోనిస్తే కన్నాలు తగిలాయి. చిటికెన వేలు కూడా పట్టని కన్నాలు. ఒక్కొక్క చెవికీ పక్కపక్కన, విమానానికి బిగిసే చోటనే, వరసగా. వాటిలోంచి పోయిన రజను గుప్పెడు కూడా ఉండదు. మా యార్డు కాటాకు అది లెక్కలోకే రాదు. కానీ ఆ చెవులు మళ్ళీ ఏ విమానాన్నీ మొయ్యలేవు. చూసినవాడెవడూ బిగించే ధైర్యం చేయడు.

సరంగు బీడీ వెలిగించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏంటండి, అలా తడుముతున్నారు? మా బాబాయి వరసాయన పాతారండి అది. విమానాల్లో చేసేవోరు."

"ఎక్కడున్నారిప్పుడు?"

"పోయారండి. మొన్న ఎండల్లో. వడదెబ్బ." పొగ వదిలాడు. "రిక్షాలో విమానం కాలు ఏసుకుని ఊళ్ళో దిగినోణ్ణి మీరెక్కడన్నా చూశారాండి? మేం చూశాం. మద్రాసులో కొబ్బరి లోడు దించి ఖాళీగా వత్తన్న లారీ పట్టుకుని వచ్చేశాడంట."

"మద్రాసులో పని ఇస్తామన్నారు కదా?"

"ఇచ్చారంటండి, ఒక పూట. పొద్దున్న షెడ్డులోకి పంపారంట. సాయంత్రం దాకా విమానం చుట్టూ తిరిగానని చెప్పేవోడు. ముట్టుకున్నానని చెప్పేవోడు. ఫ్యాను ముందు నుంచి మాత్రం నడవలేదని చెప్పి నవ్వేవోడండి. సాయంత్రం గోనె విప్పారంట. విప్పాక, ఆయన్నీ దీన్నీ కలిపి రోడ్డు మీద పడేశారంట."

నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఒక లెక్క ఎంతకీ కుదరడం లేదు. ఉప్పునీళ్ళు తినేసిన కాలు మళ్ళీ ఎగరకూడదని కన్నాలు పొడిచింది తనే. విప్పితే ఏమవుతుందో తనకు తెలుసు. రాజమండ్రిలోనే ఏదో వంక చెప్పి ఊరికి పోవచ్చు. మరి లారీ ఎందుకు ఎక్కాడు? ఆయన లేకపోతే ఆ కన్నాలు ఎవడో పూడ్చి, రంగు కొట్టి బిగించేసేవాడని భయపడ్డాడా? లేక గోనె విప్పే లోపల దొరికే ఆ ఒక్క పూట కోసమా? మొదటిదే నిజమైతే ఆయన చాలా గొప్పవాడు. అంత గొప్పవాళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. రెండోదే నిజమనుకుంటే, సాయంత్రం దాకా ఫ్యాను చుట్టూ తిరిగిన ఆ పొట్టి మనిషి నాకు స్పష్టంగా కనబడుతున్నాడు.

"దీన్ని ఇక్కడ పాతుతుంటే నేనే అడ్డం పడ్డానండి," అన్నాడు సరంగు. "ఇది పనికిరాదని వాళ్ళే పారేశారు కదా బాబాయ్, ఏదో నాడు పుటుక్కుమంటే ఎలా అన్నాను."

"ఏమన్నారు?"

నరసాపురం వైపు నుంచి రెండో పంటు నిండా జనంతో, మోటారు సైకిళ్ళతో దగ్గరపడుతోంది. సరంగు బీడీ పారేసి లేచాడు. పంటు ఒడ్డుకు దభీమని తగిలింది. తాడు వచ్చి చెవుల కింద పడి బిగిసింది. కాలు చిన్నగా మూలిగింది, నిలబడింది.

"విరిగితే పంటు రెండు గజాలు పక్కకి పోద్దిరా, అంతేకదా అన్నాడండి."